కోళ్లు పట్టిన కుక్క ఎవరిది?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను పలాస నుంచి కవిటి దగ్గరి ఒక ఊరి పశువుల ఆసుపత్రికి కాంపౌండరుగా బదిలీ చేశారు. డాక్టరు వారానికొకసారి వచ్చేవారు. తక్కిన రోజుల్లో ఊరికి డాక్టరును నేనే. చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్నాను కనుక, నాకు తెలియనిది లేదన్న నమ్మకం పట్టా ఉన్నవారికంటే నాకే ఎక్కువ.

ఒక ఉదయం ఎదురింటి నీలమ్మ మూడు చచ్చిన పెట్టలను తట్టలో తెచ్చింది. మెడల మీద పంటిగాట్లు. పక్క జీడితోట అప్పన్న కుక్క పట్టిందని చెప్పింది. వాటిలో ఒక పెట్ట పదిహేను రోజులుగా పన్నెండు గుడ్లు పొదుగుతోందట.

"గుడ్లు సల్లారిపోతన్నాయి బాబూ. ఊకలో ఎట్టి గోనె కప్పీసి వచ్చాను. ఎవులిత్తారో నాకు తెల్దు, మజ్జానంలోగా ఇంకో పొదుగుపెట్ట కావాల" అంది.

వెంటనే సైకిలెక్కవలసినవాణ్ణి, అప్పన్నను పిలిపించి వరండాలో కుర్చీ వేయించుకున్నాను. కుక్క ఎక్కడ తిరిగినా, దానికి రోజూ తిండి పెట్టేవాడిదే బాధ్యత అని పావుగంట ఉపన్యసించాను. అక్కడ గుడ్లు చల్లారుతుంటే ఇక్కడ నేను వేడెక్కుతున్నాను.

అప్పన్న ఓపిగ్గా విన్నాడు.

"నా తోటలో తొంగుంటాది గానీ, నానెప్పుడూ గంజైనా పొయ్యలేదు బాబూ. దాన్ని మేపుతంది మీరు కదేటి?"

నేనా అని గద్దించాను.

"సచ్చిన కోళ్లని కోసి సూత్తన్నారు కదా. ఆ పేగులూ తలకాయలూ ఆసుపత్రి ఎనక్కి ఎవులు ఇసిరీసినారు? దానికి కోడి రుసి మప్పింది మీరే."

ఆ నెలంతా ఊళ్లో కోళ్లకు కొక్కెర తెగులు. చచ్చినవాటిని కోసి, లోపలి మచ్చలు చూసి రోగం నిర్ధారించేవాణ్ణి. కోసినదాన్ని లోతుగా పూడ్చి సున్నం చల్లాలన్నది నిబంధన. ఆ పని ఆసుపత్రి అటెండరుకు వదిలేసి, పూడ్చాడో లేదో నేను ఒక్కనాడూ చూడలేదు. కవిటి చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతమంతా ఇసుక నేల. గొయ్యి తీయడం కష్టమనడానికి కూడా వీల్లేదు.

"తగువు తరవాత తీర్సుకోండి. పెట్ట ఏదీ?" అంది నీలమ్మ.

తెగులు రాకుండా కోళ్లకు టీకా వేసిన ఇళ్లు నాకు తెలుసు. మూడు ఊళ్లు తిరిగితే పొదుగుకొచ్చిన పెట్ట ఒకటి బదులు దొరికింది. దాన్ని బుట్టలో పెట్టుకొని సైకిలు మీద వస్తుంటే, "కోడిని ఆసుపత్రిలో సేర్పిత్తన్నారా బాబూ?" అని టీకొట్టు దగ్గర పలకరించారు. పెడళ్లు ఇంకాస్త గట్టిగా తొక్కాను.

మిట్టమధ్యాహ్నానికి గుడ్ల మీద పెట్టను కూర్చోబెట్టాం. మరో ఆరు రోజులకు ఏడు పిల్లలయ్యాయి, అయిదు గుడ్లు మురిగిపోయాయి. చచ్చిన మూడింటికీ బదులు పెట్టల్ని నేనే తెచ్చిచ్చాను. నా తీర్పు ప్రకారం కుక్క కూడా నాదే కనుక, వరండాలో కట్టి నా అన్నంలోంచే పెట్టాను.

కోసిన కోడిని పూడ్చి, సున్నం చల్లాకే పరీక్ష ముగిసినట్టు. గొయ్యి అటెండరు చేత తవ్వించవచ్చు. పూడ్చారో లేదో చూడవలసింది మాత్రం కోసినవాడే.