శనివారం భజన, తొట్టెలో నత్తలు

మా అత్తగారు గురువుగారి దగ్గర మంత్రోపదేశం తీసుకున్నాక మా వంటింట్లోంచి చేప వెళ్లిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఈసారి ప్రాణాలతో, ముందుగదిలోకి.

డెబ్బైల చివరి మాట. టాటానగర్‌లో, బారిడీహ్ వైపు ఉక్కు కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. మావారికి కొలిమి దగ్గర పని. షిఫ్టు దిగి వచ్చేసరికి మొహం కమిలిపోయి ఉండేది, ఎవరు పలకరించినా జవాబు చెప్పేవారు కాదు. ఆయన ఏదో బంగళాలో చేపల తొట్టె చూశారట. ఇనప యాంగిల్ ముక్కలు తోటి పనివాడి చేత వెల్డింగు చేయించి, అద్దాలు బిగించి, పుట్టీ పూసి, అలాంటిదే ఒకటి తయారుచేశారు. సాక్చీ బజారులో బంగారు చేపలు కొన్నారు. గమ్హరియా వైపు వెళ్లినప్పుడు ఒక చెరువులో నీటిమొక్కలు పీకి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటారు.

ఆ రోజు నుంచి షిఫ్టు దిగగానే తొట్టె ముందు పీట వేసుకుని కూర్చునేవారు. పొద్దంతా మంటను చూసిన కళ్లు నీళ్లను చూస్తూ నెమ్మదించేవి. కాసేపటికి తల తిప్పి, "ఇంక అన్నం పెట్టు" అనేవారు. ఆ మాట వినిపిస్తే మనిషి ఇంటికి వచ్చినట్టు లెక్క.

అదే గదిలో శనివారం సాయంత్రాలు భజన జరిగేది. చుట్టుపక్కల క్వార్టర్లవాళ్లు, సిద్ధగోరా నుంచి కొందరు వచ్చేవాళ్లు. మధ్యలో పురాణం చదివి అర్థం చెప్పడం నా వంతు. మా నాన్నగారు నేర్పిన చదువు అది. ఒక శనివారం స్వామి చేపగా వచ్చిన కథ చదివాను. నదిలో తర్పణం వదులుతున్న రాజు దోసిట్లోకి చిన్న చేపపిల్ల వస్తుంది. కమండలంలో వేసుకుంటే తెల్లవారేసరికి కమండలం చాలదు, కుండలో వేస్తే కుండ చాలదు, చెరువూ చాలదు. చదవడం అయిపోగానే ఒకావిడ లేచి, తొట్టెకు దణ్ణం పెట్టి, తన చేతిలోని అటుకుల ప్రసాదంలో చిటికెడు నీళ్లలో వేసింది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి అందుకున్నాయి. గదంతా గోవింద నామం చెప్పింది.

ఆ తరువాతి శనివారం అందరూ వేశారు. చేపలకు మేత వేస్తే పుణ్యమన్నది చిన్నప్పటినుంచి మా అందరికీ తెలిసిన మాటే. మా అత్తగారు శనివారం దాకా ఆగలేదు. రోజూ పూజ కాగానే నైవేద్యం అన్నం కొన్ని మెతుకులు తొట్టెలో వేసి, కళ్లు మూసుకుని నిలబడేవారు.

నత్తలను మొదట చూసింది నేనే. ఆకు కింద జిగురు బొట్టులాంటిది ఉంటే ఏమిటోనని వదిలేశాను. కొన్నాళ్లకు అందులోంచి ఆవగింజంత నత్తలు బయటికొచ్చాయి. అవి అద్దం మీద పాకుతుంటే అడుగువైపు నుంచి నోరు కనిపించేది. తెరుచుకుని మూసుకుంటూ, పెదవులతో జపం చేసుకునేవాళ్లలా. ఒక్కోసారి ఒకటి నీటి పైపొర కింద తలకిందులుగా నడిచేది. దేని మీద కాలు మోపి నడుస్తోందో నాకు అర్థమయ్యేది కాదు. ఇంత చిన్నదానికి ఇన్ని విద్యలు పెట్టిన దేవుడి తీరిక చూసి ఆశ్చర్యపోతూ, పొయ్యి మీద పాలు పొంగించిన రోజులున్నాయి.

అవి పెరిగాయి. అద్దం నిండా, మొక్కల నిండా నత్తలే. దాంతోపాటు నీళ్లు కుడితిలా తెల్లబడ్డాయి, వాసన వేశాయి. చేపలు పైకొచ్చి గాలి కోసం నోళ్లు తెరిచేవి. ఒకటి చచ్చిపోతే మావారు బొప్పాయి చెట్టు కింద పాతిపెట్టారు. శుక్రవారం సగం నీళ్లు మార్చేవారు. ఒక రోజు బాగుండేది, మళ్లీ తెలుపు.

ఒక సాయంత్రం అత్తగారు తేల్చేశారు.

"వచ్చే నెల గురువుగారు మనింటికి వత్తన్నారు. ఈ కంపులో కూకోబెడతావేటి ఆయన్ని? నత్తలన్నా పోవాల, తొట్టన్నా పోవాల."

"రోజూ ఏరతన్నాను కదమ్మా," అన్నారు మావారు.

"నువ్వు ఏరతన్నావు, అవి కంటన్నాయి."

ఆయన తొట్టె వైపు ఒకసారి చూసి, "ఠీక్ హై. ఎవరికైనా ఇచ్చేత్తాను," అన్నారు. ఆ రోజు అన్నం అడగలేదు. నేనే పిలవాల్సి వచ్చింది.

చేపలను తీసి బిందెలో పెట్టి, తొట్టెలో ఉప్పు పోస్తే నత్తలన్నీ చస్తాయని పక్కింటావిడ చెప్పింది. ఉప్పు డబ్బా తీశాను కూడా. చెయ్యి రాలేదు. వాటిని కూడా ఆ దేవుడే చేశాడు కదా అనిపించింది. చేపలు చస్తుంటే చూస్తూ ఊరుకోవడం మాత్రం ధర్మమా అనీ అనిపించింది. ఆ శనివారం భజనకు ముందు శంఖం తాతను అడిగాను. ఆయన టాటానగర్ రైల్వేలో గార్డు పని చేసి రిటైరైన మనిషి. మా భజనలో శంఖం ఊదేది ఆయనే.

తాత ఖాళీ నత్తగుల్ల ఒకటి అరచేతిలో పెట్టుకుని, తన శంఖం పక్కన పట్టుకున్నాడు.

"ఇదీ నత్త గుల్లే కదమ్మా. సముద్రంది, పెద్దది. ముప్పై ఏళ్లు రైలుకి విజిలూదినాను, ఇప్పుడు స్వామికి నత్తలో ఊదుతన్నాను."

రెండింటి కొసలూ ఒకే వైపు పెట్టి చూశాను. శంఖం నోరు ఒక పక్కకు ఉంటే నత్త నోరు రెండో పక్కకు ఉంది. ఇంకో నాలుగు గుల్లలు తెచ్చాను. అన్నీ అంతే. తాత కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"దక్షిణావర్తం. రాజులు పూజలో ఎట్టుకుంటారంట, దొరకదంట. మీ తొట్టి నిండా అయ్యే."

"అయితే బుట్టెడు పట్టుకుపో. మీ ఇంట్లో పూజ సేసుకో," అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

అందరం నవ్వాం. ఉప్పు డబ్బా తిరిగి అలమారలోకి వెళ్లింది. చంపకూడదని తేలింది గానీ నీళ్ల సంగతి తేలలేదు. గురువుగారు వచ్చే రోజు దగ్గరపడుతోంది.

ఆ పై శనివారం ఏకాదశి పడింది. కొలిమి దగ్గర పనిచేసేవాడికి ఉపవాసం లేదని అత్తగారు కొడుక్కి మినహాయింపు ఇచ్చారు గానీ, మా ఇద్దరికీ, భజనకు వచ్చేవాళ్లకీ నిష్ఠే. పూజలో అన్నం నైవేద్యం లేదు, భజనలో అటుకులు లేవు. తులసి తీర్థం తీసుకుని అందరూ వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున, ఇంకా పూజ కాకముందే, తొట్టె వైపు చూసి ఆగిపోయాను. మామూలుగా ఆ వేళకు నీళ్లు తెల్లబడాలి. ఆ రోజు అవతలి అద్దం వెనక గోడకు కొట్టిన మేకు కూడా కనిపిస్తోంది. మామూలుగా ఆదివారాలు నత్తలన్నీ గుమ్మం వైపు మూల కుప్పపడి ఉండేవి. ఆ రోజు చెదిరిపోయి, అద్దం మీది పచ్చటి పాకుడు గీక్కుంటున్నాయి. గుమ్మం వైపు మూల ఎవరు నిలబడతారా అని ఆలోచించాను. ప్రసాదం వేసేవాళ్లు నిలబడే చోటది.

చీర చెంగు దోపుకుని, పొడుగాటి గరిటెతో ఆ మూల గులకరాళ్లు కదిపాను. కింది నుంచి నల్లటి ముద్ద వచ్చింది. అటుకులు, మెతుకులు. గరిటె బయటికి తీయగానే గది అంతా ఆ కంపే.

నత్తలు నీళ్లు పాడుచెయ్యలేదు. మేం పెట్టినదాంట్లో చేపలు తినగా మిగిలింది అవి తింటూ పెరిగాయి. అవి కూడా తినలేకపోయింది అడుగున కుళ్లింది.

ఇది అత్తగారికి ఎలా చెప్పాలి? ప్రసాదం కుళ్లిందని నోటితో అనడానికే భయం వేసింది. చివరికి గరిటె పట్టుకుని వెళ్లి ఆవిడ ముందు పెట్టాను.

"ఏటే అది?"

"మన ప్రసాదం అత్తా. రాళ్ల కింద ఉన్నాది."

ఆవిడ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకున్నారు. తరువాత చెంగు తీసేసి దగ్గరగా చూశారు.

"అయితే నానెట్టిన మెతుకులకే ఆ సేప సచ్చిపోయినాదంటావా?"

"అందరం ఎట్టినాం కదత్తా."

"మరి స్వామికి ఎట్టొద్దంటావేటి?"

"స్వామి సేపగా వచ్చినపుడు ఆ రాజుని ఏటి అడిగినాడు?"

"సోటు సాలనేదన్నాడు. ఇంకొంచెం నీలున్న కాడికి తీసుకుపొమ్మన్నాడు."

"అన్నం అడిగినాడా?"

అత్తగారు కథ మొత్తం మనసులో ఒకసారి తిరగేసుకున్నట్టున్నారు.

"అడగనేదు," అన్నారు చివరికి. "నువ్వే కదే సదివినావు. అప్పుడే సెప్పొచ్చు కదా."

శనివారం భజనలో హారతి కాగానే ఆవిడే లేచి తొట్టెకు అడ్డంగా నిలబడ్డారు.

"ఎవలూ మెతుకులెయ్యొద్దు. పుణ్యం కావాలంటే సెంబుడు నీలు పొయ్యండి."

పంపు నీళ్లలో మందు వాసన పోవాలని ముందురోజే బిందెల్లో పట్టి మూత పెట్టకుండా ఉంచాం. మావారు రబ్బరు గొట్టంతో తొట్టె అడుగున ఉన్న మురికి నీళ్లు బకెట్లోకి లాగారు. అవి తులసి కోటకు పోశాను. ఒక్కొక్కరూ వచ్చి చెంబుడు నీళ్లు పోసి దణ్ణం పెట్టుకున్నారు. మెతుకుల పుణ్యమే పెద్దదని ఒకావిడ గొణిగితే శంఖం తాత, "ఆ రాజు పోసింది నీలే కదమ్మా," అన్నాడు.

నత్తలు పూర్తిగా పోలేదు. తిండి తగ్గాక సంఖ్య తగ్గింది. మిగిలినవి అద్దం తుడుచుకుంటూ ఉండిపోయాయి. గురువుగారు వచ్చి ఆ తొట్టె పక్కనే కూర్చుని భోజనం చేశారు. వాసన మాటే ఎత్తలేదు. చేపల వైపు ఒకసారి చూసి పప్పు మళ్లీ వడ్డించమన్నారు. అత్తగారికి అంతే కావలసింది.

తరువాత వచ్చిన ఏకాదశికి మావారు షిఫ్టు దిగి, పీట వేసుకుని కూర్చున్నారు. చేపలు అలవాటుగా పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. అత్తగారు వాటికి వేలు చూపించి, "నేడు మనకి నేదు," అన్నారు.

ఆయన నీళ్లను చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి తల తిప్పారు.

"ఇంక అన్నం పెట్టు."

"లే బాబూ," అన్నారు అత్తగారు. "ఏకాదశి సేపలకి. నీకు కాదు."