రఫియా ఆపా కొలతల పుస్తకం

రఫియా ఆపా ఏ యంత్రానికీ నిజం చెప్పదు. మనుషులతో చిన్న అబద్ధమాడాలన్నా తడబడే మనిషి, ఫోను కనబడితే చాలు, పచ్చి అబద్ధాలకు దిగుతుంది. ఒక యాప్‌లో ఆమెకు పంతొమ్మిదేళ్లు, ఇంకో దాంట్లో నూట నాలుగు. ఒకచోట ఊరు వరంగల్, మరోచోట ఏకంగా కాశ్మీరు. నిజానికి ఆమె సంతోష్‌నగర్‌లో ఒక గల్లీలో లేడీస్ టైలర్, గల్లీ అందరికీ ఆపా, అంటే అక్క. ఆ గల్లీ దాటి వెళ్లడమే తక్కువ.

రెండిళ్ల అవతల ఉండే వాగ్దేవిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో చాయ్ వేళకు ఆపా కొట్టుకు చేరుతుంది. ఒకసారి ఆమె ఎదుటే డెలివరీ అతను వచ్చి, "సత్యనారాయణ గారున్నారా?" అన్నాడు.

ఆపా బురఖా సర్దుకుంటూ లేచి, "నేనే. ఇయ్యి," అంది.

అతను పార్సిల్ వంక చూశాడు, ఆపా వంక చూశాడు. ఎండలో నిలబడి వాదించే ఓపిక లేక, "ఓటీపీ చెప్పండి సార్," అన్నాడు.

"గట్ల ఎందుకు ఆపా?" అని వాగ్దేవి నవ్వు ఆపుకోలేక అడిగింది.

"అసలు పేరు చెప్తే రేపు ఎవడో ఫోన్ జేసి లోన్ కావాల్నా అని సతాయిస్తడు బేటా. ఇప్పుడు సత్యనారాయణను అడుగుతడు. తీసుకునుడు, తీసుకోకపోవుడు ఆయన ఇష్టం."

వంటల వీడియోలంటే ఆపాకు ప్రాణం. కానీ తనకేది ఇష్టమో ఫోనుకు తెలియడం అసలు ఇష్టం లేదు. అందుకని ఒక హల్వా వీడియో చూస్తే, వెంటనే ఒక ట్రాక్టర్ వీడియో పెడుతుంది. పాపం ఆ ఫోను నిజంగానే మోసపోయి, పొద్దస్తమానం ఆమెకు మోటారు పంపులూ, ఎరువులూ చూపిస్తుంటుంది.

"చూసినవా, నన్ను రైతు అనుకుంటుంది," అని మురిసిపోతుంది. తరువాత్తరువాత ట్రాక్టర్లు ఆమెకు నిజంగానే నచ్చాయి. "సీరియల్ కన్న నయం బేటా. ఎవ్వరు ఏడ్వరు, ఎవ్వరు విషం కలపరు. సప్పుడు జేసుకుంట దున్నుకుంట పోతది."

ఆమె కొట్లో కొలతలిచ్చేవాళ్లు ముందు ఫోన్లు బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టాలి. కొలతలు పైకి చదివితే ఫోను వింటుందని ఆమె భయం. టేపు మెడలో ఉండగానే డబ్బా మోగుతుంది. లోపల ఎవరి ఫోనో తెలియక నలుగురాడవాళ్లు బియ్యంలో చేతులు పెట్టి వెతుక్కుంటారు.

ఇక ఆ కొలతల పుస్తకంలో ఒక్క మనిషి పేరూ ఉండదు. గుమ్మడికాయ, బెండకాయ, సొరకాయ, కాకరకాయ. పోలికను బట్టి పెట్టిన పేర్లు కావవి. ఆ మనిషి కొత్తగా వచ్చిన రోజు ఆపా ఇంట్లో ఏ కూరైతే ఆ పేరు. ఎవరు ఏ కాయో ఆమె ఒక్కదానికే గుర్తు.

ఆ పుస్తకంలోని ఒక పేరు సంగతి వాగ్దేవికి చాలా ఆలస్యంగా తెలిసింది. మనం ముందే తెలుసుకుందాం. కాకరకాయ అంటే సర్కారు బడి లెక్కల టీచర్ యశోద. నిరుడు ఆపరేషన్ చేసి ఆమెకు ఎడమ రొమ్ము తీసేశారు. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పైకి తేడా తెలియకుండా ఆపా ఆమె జాకెట్లలో మెత్తటి దూది పెట్టి కుడుతుంది. పుస్తకంలో ఆ పేరు కింద మాత్రం ‘ఎడమ పక్క దూది, రెండు పొరలు’ అని రాసి ఉంది.

ఈ దసరాకు ముందు ఆపా కంటి ఆపరేషన్‌కని ఆస్పత్రిలో చేరింది. బతుకమ్మకు ఇవ్వాల్సిన జాకెట్లు ముప్పై ఉన్నాయి. ఆపా దగ్గర కుట్టుపని నేర్చుకునే ఉమ్మే హానీ ఆమె బదులు కత్తెర పట్టి, పుస్తకం తెరిచి తల పట్టుకుంది. "అక్కా, ఇది టైలర్ బుక్కా, కూరగాయల మండీయా?"

సాయం చేద్దామనే వాగ్దేవి తొందరపడింది. ఒక పేజీ ఫోటో తీసి గల్లీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ‘ఎవరి కొలతలు ఏవో చూసి చెప్పండి.’

పది నిమిషాల్లో లొల్లి మొదలైంది. బెండకాయ నేనేనని పదకొండు మంది. గుమ్మడికాయ మాత్రం తాను కాదని గల్లీకి గల్లీ అంతా ప్రమాణం చేసింది. వాగ్దేవి పడీ పడీ నవ్వుతుండగా ఎవరో అడిగారు. ‘కాకరకాయ ఎవరమ్మా? దూది ఎందుకట?’

దాని కింద నవ్వుల బొమ్మలు వరుస కట్టాయి.

కాసేపటికి యశోద టీచర్ వచ్చింది. కొంగు భుజం నిండా కప్పుకొని గడపలోనే నిలబడింది. "ఆ ఫోటో తీసెయ్ బిడ్డా. అది నాది," అని నాలుగు ముక్కల్లో సంగతంతా చెప్పింది. "మా బడి టీచర్లు కూడా ఉన్నరు గ్రూపుల. తెలిస్తే రేపటి సంది అందరు జాలిగ చూస్తరు. నేను లెక్కలు చెప్పుకోవాలె గని, ఆ చూపులు మొయ్యలేను."

వాగ్దేవి వెంటనే ఫోను అందుకుంది. ఫోటో తీసేసింది కానీ అప్పటికే అరవై మంది చూశారు. ఏడుస్తూ ఆపాకు ఫోన్ చేసింది. "ఆపా, పెద్ద తప్పు జేసిన."

ఆపా అంతా విని, "సరే, ఫికర్ జెయ్యకు. ఫోన్ వెట్టు," అని మాత్రం అంది.

మూడేళ్లుగా ఆ గ్రూపులో ఉండి ఒక్క మాటా అనని ఆపా నుంచి, కాసేపటికి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"సలాం, నమస్తే. నా పేరు రఫియా బేగం. వయసు యాభై తొమ్మిది. సంతోష్‌నగర్‌ల టైలర్‌ను. కాకరకాయ నేనే. ముప్పై ఏండ్ల సంది మిషన్ మీద వంగి వంగి నా ఎడమ భుజం దిగిపోయింది. కుర్తా సక్కగ కూసుంటందుకు దూది వెట్టుకుంట. నవ్వెటోళ్లు నవ్వుండ్రి. నవ్వినంక జాకెట్లకు మళ్ల కొలతలిచ్చి పోండ్రి."

వాగ్దేవి దాన్ని మూడుసార్లు విన్నది. పేరు, వయసు, చోటు అన్నీ నిజాలే. ఒక్క అబద్ధాన్ని నమ్మించడానికి ఆపా ఇన్నేళ్లు దాచుకున్న నిజాలన్నీ ఒక్కసారే ఖర్చు పెట్టేసింది. ఆ క్షణాన వాగ్దేవికి ఆమె మీద కలిగిన ప్రేమ అంతా ఇంతా కాదు.

మరునాటికి ఆడవాళ్లంతా బుద్ధిగా వచ్చి కొలతలిచ్చారు. నాలుగో రోజు ఆపా నల్ల కళ్లద్దాలతో ఇంటికొచ్చేసరికి, నవ్విన పాపానికి తలా ఒక నొప్పుల నూనె సీసా తెచ్చి వాకిట్లో కూర్చున్నారు. ఆపాకు ఎటూ పాలుపోలేదు. ఏ దోషమూ లేని భుజాన్ని గంటసేపు గల్లీకి అప్పగించి, అడిగిన ప్రతిసారీ మూలిగింది.

అందరూ వెళ్లి, వాగ్దేవి ఒక్కతే చాయ్ తాగుతూ మిగిలాక, యశోద టీచర్ ఆపా దగ్గరికి వచ్చింది. అరచేతిలో నూనె పోసుకొని తానూ ఆ భుజం మీద చెయ్యి వేసింది.

"మస్తు నొస్తుందా ఆపా?"

"అబ్బో, పాణం పోతుంది టీచరమ్మా. ఆపకు, ఇంకొంచెం రుద్దు," అంది ఆపా.

ఇద్దరి భుజాలూ నవ్వుతో కదిలిపోతుంటే, వాగ్దేవి చేతిలో చాయ్ సగం సాసర్‌లోకి ఒలికింది.