మామయ్య రాసిచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్

నిన్న పొద్దున నూజివీడు నుంచి మేనల్లుడి ఫోన్. “అత్తయ్యా, నాన్న పోయారు.”

మొన్ననేగా అన్నయ్య నా మందుల బిల్లు ఫోన్లో చదివించుకుని, షాపువాడు ఎక్కువ వేస్తుంటే చూసుకోవా అని నన్ను తిట్టాడు!

పండు వయసేగా అంటున్నారు అందరూ. మీ అన్న పోయినప్పుడు తెలుస్తుంది.

సరే, ఏడుపు తర్వాత. ముందు ఒక సంగతి తేల్చాలి.

సాయంత్రానికి మా మేనమామ మనవలు ఫ్యామిలీ గ్రూపులో అన్నయ్య గురించి పోస్ట్ పెట్టారు. “మా తాతగారి సర్టిఫికెట్‌తోనే ఆయనకు గవర్నమెంట్ ఉద్యోగం వచ్చింది” అని.

నిజమే నాయనా. అందులో మీ తాత ఏం రాశాడో కూడా పెట్టాల్సింది.

స్వరాజ్యం వచ్చిన కొత్త. నాన్న లేడు. మా మామిడి తోట కౌలు పేరుతో మామయ్య గుప్పిట్లో ఉంది. ఆయన రోడ్డు కాంట్రాక్టర్ కూడా. అన్నయ్యను జీవితాంతం ఆ తోటకు కాపలా పెట్టాలని ఆయన ప్లాన్.

అన్నయ్య మాత్రం బెజవాడలో ఉద్యోగానికి అప్లై చేశాడు. కాంట్రాక్టర్లు వేసే రేట్లు న్యాయమైనవో కావో చూసే పని. లెక్కల్లో డిగ్రీ కావాలన్నారు, ఉంది. అకౌంట్స్ పరీక్ష పాసవ్వాలన్నారు, అయ్యాడు. ఇక ఊళ్లో పెద్దమనిషి ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ కావాలి.

మా ఖర్మకు ఆ పెద్దమనిషి మామయ్యే.

అమ్మ వెళ్లి సొంత అన్నను బతిమాలింది. ఆయన నవ్వుతూ రాసి, కవరు అంటించి ఇచ్చాడు.

ఇంటర్వ్యూలో ఆఫీసరు దాన్ని విప్పి పైకి చదివాడట. “మొండివాడు. పెద్దల మాట వినడు. తప్పు కనిపిస్తే బంధువని కూడా చూడడు.”

ఇక తోట కాపలాయే గతి అనుకున్నాడు అన్నయ్య.

“ఈ పనికి ఇంతకన్నా ఏం కావాలయ్యా? సోమవారం వచ్చి చేరు” అన్నాడట ఆఫీసరు.

ఏడాది తిరక్కుండానే ముసునూరు రోడ్డు కల్వర్టు బిల్లు అన్నయ్య టేబుల్ మీదికొచ్చింది. మామయ్యదే. రాయి ఎక్కడో దూరం నుంచి తెప్పించానని బండికూలి వేశాడు. ఆ రాయి మా తోట వెనక గుట్టది! అన్నయ్య ఆ కూలి మొత్తం బిల్లులోంచి తీసేశాడు.

ఆదివారం మామయ్య బుట్టెడు చిన్నరసాలతో దిగాడు. మా తోట పళ్లే, మాకే లంచం. వాసనకే నాకు నోరూరింది.

“ఏంట్రా, మేనమామనని కూడా చూడవా?”

అన్నయ్య బుట్ట తీసి గుమ్మం బయట పెట్టాడు. “చూడనని మీరే రాసిచ్చారు కదండీ మామయ్యా. మీ మాట అబద్ధం చెయ్యమంటారా?”

అప్పుడు మామయ్య ముఖం నేను కళ్లారా చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు నిండుతుంది.

మనవలూ, ఆ పోస్ట్ తీసేయండి. పెద్దకర్మకు రండి, భోజనం పెడతాం. పళ్లు మాత్రం తేకండి.

వెళ్లిరా అన్నయ్యా. నీకు శాంతి దొరకాలి.

మామయ్య కూడా అక్కడే ఉన్నాడు. నువ్వు వెళ్లావుగా, ఇక ఆయనకు దొరకదులే.