బొమ్మ, బొమ్మ, బటన్

లైబ్రరీ కేటలాగు చూసే ఆవిడ కుర్చీలో కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. కుడికాలు ఊగుతూనే ఉంటుంది, పెన్ను మూత పళ్ల మధ్య నలుగుతూనే ఉంటుంది. పుస్తకాల జాబితానంతా ఆన్‌లైన్లోకి ఎక్కించి, ప్రతి పుస్తకానికీ అట్టబొమ్మ పెట్టినప్పుడు మాత్రం కనిపించిన వాళ్లందరికీ చూపించి మురిసిపోయింది. ఆ వారమే చూపులేని లెక్కల మాస్టారు వచ్చి, తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే తన ఫోన్‌ను ఆవిడ బల్లమీద పెట్టారు. "బొమ్మ. బొమ్మ. బటన్. బొమ్మ," అంది ఫోను. "బొమ్మలు బోలెడున్నట్టున్నాయమ్మా. పుస్తకాలెక్కడ పెట్టారు?" అన్నారాయన నెమ్మదిగా.

ఆ మాట ఆవిడ చెవిలో జోరీగలా రొద పెట్టింది. మర్నాటి నుంచి కంప్యూటర్ తెర ఆర్పేసి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే తాను ఎక్కించిన పుస్తకాల్ని తానే వింటూ వెతుక్కోసాగింది. "కరెంటు పోయిందా ఏంటి?" అని పక్కబల్ల ఆయన అడిగితే, "ఉండండి, దారి తప్పాను," అంది. ప్రతి బొమ్మకీ పుస్తకం పేరు, ప్రతి బటన్‌కీ అది చేసే పని, ఫోను చదివేలా రాస్తూ వచ్చింది. నెల తిరిగేసరికి మాస్టారు మళ్లీ వచ్చారు. సాయం చేద్దామని ఆవిడ గబుక్కున లేచింది. "కూర్చోమ్మా. ఇంట్లోనే వెతుక్కుని, ఆడియో పుస్తకం సీడీ నా పేరున పెట్టించుకున్నా. తీసుకెళ్దామని వచ్చా," అన్నారు. ఆవిడ కూర్చుంది. కాలు ఆగింది. "జాబితాలో నాలుగో పేజీ నుంచి మాత్రం ఇంకా బొమ్మలేనమ్మా," అన్నారాయన వెళ్తూ వెళ్తూ. ఆయన గుమ్మం దాటకముందే ఆవిడ తెర ఆర్పేసింది. కాలు మళ్లీ ఊగుతోంది.