నేను పాతించిన రాయి

మోకాళ్ళ నొప్పికి బండి కొని, ఆ బండినే తోసుకుంటూ ఇంటికొచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, మీ ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాడు.

మీకు తెలిసిందే, ముప్పై ఏళ్ళు సర్వేయర్‌గా ఈ ఆత్మకూరు చుట్టుపక్కల పొలాలన్నీ గొలుసు పట్టుకుని కొలిచాను. నేను రిటైరయ్యేసరికి మోకాళ్ళు కూడా రిటైరయ్యాయి. మా నిమ్మతోట ఊరికి రెండు కిలోమీటర్లు. నా పాత స్కూటరు ఆ దారిలో రాళ్ళ మీద పోదు. అందుకని బెంగళూరు నుంచి బ్యాటరీ బండి తెప్పించాను. లావు టైర్లు, ఎత్తు సీటు, చప్పుడే లేదు. అమ్మినాయన ఫోన్లో, "ఆఫ్ రోడ్ బండి సార్, దీనికి రిజిస్ట్రేషనే ఉండదు" అన్నాడు. ఎంత సుఖం అనుకున్నాను. ఎందుకుండదో అడగలేదు.

మొదటిరోజే దర్జాగా ఉదయగిరి రోడ్డెక్కి ఆత్మకూరు బస్టాండు దాకా పోయాను. అక్కడ కానిస్టేబుల్ ఆపాడు.

"నంబరేది సార్?"

"బ్యాటరీ బండికి నంబరెందుకయ్యా?"

"అది నిదానంగా పోయే చిన్న బండ్లకు సార్. మీరు బస్సును దాటుకోని వచ్చినారు. ఈ రకానికి నంబరు ఇయ్యరు. నంబరు లేకపోతే రోడ్డెక్కకూడదు. సొంత పొలంలో తిప్పుకోండి. మళ్ళా ఇక్కడ కనపడితే స్టేషన్లో పెట్టేస్తా."

నా నెరిసిన తల చూసి వదిలేశాడు. బండిని గూడ్సు ఆటోలో ఎక్కించి, నేను డ్రైవరు పక్కన ముడుచుకుని కూర్చుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. "నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి తీసుకుంటామన్నారు గదా? ఈ పది రోజుల్లో ఎవురన్నా వచ్చి, మీ ఆయన రూలు తప్పినాడని ఒక్క మాట అన్నారంటే బండి బెంగళూరికే" అంది. ఆమె మాటంటే మాటే. నేనేమో అప్పటికే ఆ బండి మీద మనసు పారేసుకున్నాను.

సర్వేయర్ని కదా, ఊరి మ్యాపు తీశాను. రోడ్డు తగలకుండా, మా దొడ్డి నుంచి తోట దాకా పట్టా పొలాల మీదుగా దారి గీశాను. ఏడుగురి పొలాలు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని ఏడిళ్ళకూ పోయి నేరుగానే అడిగాను. "దానికేముండాది సార్, పైరు తొక్కకుండా పోండి" అన్నారు. మధ్యలో ఒక రెండు ఫర్లాంగులు మాత్రం పాత డొంక వెంట పోక తప్పదు. ఎడ్లబండ్లు పోయే మట్టిదారి, సర్కారుది. తారు లేదు, కంకర లేదు, అదేం రోడ్డులే అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఆరు రోజులు హాయిగా తిరిగాను. ఏడోరోజు డొంకకు అడ్డంగా బర్రెలు, వాటి వెనక మాలకొండయ్య.

మాలకొండయ్యది డొంక పక్క చేను. మా ఇంటికి పాలు పోసేది కూడా ఆయనే. పదిహేనేళ్ళ కిందట ఆ డొంకను తన చేలో కలిపేసుకుని కంచె వేశాడు. కొలిచి, కంచె పీకించి, హద్దురాయి పాతించింది నేనే. ఊరుకోకుండా పదిమందిలో ఉపన్యాసం కూడా ఇచ్చాను.

"ఏంది సారూ, బండికి నంబరు లేదే" అన్నాడు.

"ఇది పొలాల్లో తిరిగే బండి మాలకొండయ్యా."

ఆయన నేలను చూశాడు, నన్ను చూశాడు. "ఇది పొలమా? నేను పొలమంటే కాదన్నారే. ప్రజల దోవ, తారురోడ్డు ఎట్టనో ఇదీ అట్టనే అని మీరే గదా చెప్పినారు. రాయి కూడా పాతించినారు. అదుగో, ఉండాది చూడండి."

రాయి ఉంది. పాతించిన చోటే, నిటారుగా ఉంది.

"సరేలే సార్, సాయంత్రం పాలు తెస్తాను గదా. ఇది రోడ్డో పొలమో అమ్మగారినే అడుగుతా."

ఆ మాట ఆవిడ దాకా పోతే బండి బెంగళూరికే. బండి దిగి తోయడం మొదలుపెట్టాను. ఆ బండి బరువు నా బరువుకు తక్కువేమీ కాదు. మాలకొండయ్య బర్రెల్ని వదిలేసి డొంక చివరిదాకా నా పక్కనే నడిచాడు. "ఆ కంచె ఉండనిచ్చుంటే ఇది నా పొలమే సార్. మీరు అడిగితే నేను కాదంటానా? నిమ్మళంగా పోయేవాళ్ళు" అన్నాడు. మాటలో ఎగతాళి కూడా లేదు, నిజంగానే బాధపడ్డాడు.

సాయంత్రం పాలగిన్నె పట్టుకుని మా ఆవిడ, తలుపు వెనక నేను. "మా ఆయన బండి ఎట్ట తోల్తా ఉండాడు?" అని అడగనే అడిగింది. మాలకొండయ్య, "డొంకలో దిగి నెట్టుకోని పోతా ఉండాడమ్మా. రూలంటే సార్ తర్వాతే ఎవురైనా" అన్నాడు. ఆ మంచితనానికి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బండి నాకే దక్కింది.

ఇప్పుడు రోజూ పోతూ రెండు ఫర్లాంగులు, వస్తూ రెండు ఫర్లాంగులు నెడుతున్నాను. విచిత్రం ఏంటంటే మోకాళ్ళ నొప్పి తగ్గింది. డాక్టరు మొదట్నుంచీ నడవమనే చెప్పాడు గదా అని మా ఆవిడ మహా సంతోషంగా ఉంది. నాకూ బాగానే ఉంది, అబద్ధమెందుకు.

ముప్పై ఏళ్ళలో ఒక్క అడుగు కూడా తప్పు కొలవలేదని రిటైరైన రోజు నాకు శాలువా కప్పారు. రోజూ ఆ రాయి దగ్గర బండి దిగేటప్పుడు మాత్రం అనిపిస్తుంది, ఆ ఒక్కచోట కాస్త తప్పు కొలిచుంటే నా సొమ్మేం పోయింది అని.