నా వేలికి ఊపిరాడని రోజు

కరోనా రెండో ఏడు. బడులు మూతపడి, రాబర్ట్‌సన్‌పేటలో ఇంట్లో కూర్చుని ఫోన్లో పిల్లలకు లెక్కలు చెప్పి విసిగిపోయాను. ఆవని ఊరి చుట్టుపక్కల పల్లెలకు టీకాలు వేయడానికి వెళ్ళే నర్సమ్మకు నా పాత కారుతో సాయం చేస్తానని ముందుకొచ్చాను. మా నాన్న ఇక్కడి బంగారు గనిలో పనిచేసినవాడు. గనులు మూసేశాక కూడా ఆ దుమ్ముకు దగ్గుతూనే బతికాడు. కాబట్టి ఊపిరి సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని నా నమ్మకం. దారి పొడుగునా నర్సమ్మకు ఊపిరితిత్తుల పాఠం చెప్పాను. కారు నాది కాబట్టి పాపం, ఆమె విన్నది.

గుట్ట కింద ఆ పల్లెలో మమ్మల్ని చూడగానే తలుపులు పడ్డాయి. ఆసుపత్రికి పట్టుకుపోతామని భయం. నర్సమ్మ బడి అరుగు మీద టీకా పెట్టె తెరిచి, మందు సర్దుకునేదాకా పట్టుకోమని ఐస్ ప్యాకులు నా చేతుల్లో పెట్టింది. ఆ పని కాగానే, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు తీసుకుని జనాన్ని ఒప్పించడానికి బయల్దేరాను.

ఒక అవ్వ మాత్రం వాకిట్లో రాగులు చెరుగుతోంది.

"నేను బడి మేష్టర్నవ్వా. ఇది సూది కాదు, నొప్పుండదు. చూడు, ముందు నేనే పెట్టుకుంటా. తొంభై అయిదు దాటితే మంచిది," అంటూ వేలు చూపించాను.

ఎనభై నాలుగు.

అవ్వ మీటరు వైపు చూడలేదు, నా మొహమే చూసింది.

"ఏమైందప్పా? ఎంత ఉండాది?"

నిజంగానే ఊపిరి అందడం లేదనిపించింది. గోడ పట్టుకుని కిందికి జారాను.

"రండ్రా! మేష్ట్రు పడిపోతాండాడు!" అని అవ్వ కేక పెట్టింది. మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. "బోర్లా పండుకోప్పా, టీవీలో చెప్పినారు," అంటూ నన్ను మంచం మీద పడేసింది. ఎవరో చేటతో విసిరారు. నేను ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సిన ఆఖరి మాటలు కూర్చుకుంటున్నాను.

నర్సమ్మ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "సార్, ఐస్ పట్టుకున్న వేలికి పెడితే ఇది సరిగ్గా యాడ చూపిస్తాది?" అని అరచేయి రుద్ది మళ్ళీ పెట్టింది.

తొంభై ఎనిమిది.

అవ్వ నవ్వు ఆపుకోలేక కూలబడింది. "నీకంటే మేమే నయం గదప్పా! ఇంగ నాకు పెట్టు," అని వేలు చాపింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ నవ్వుతూ వచ్చారు.

ఇంతలో, జ్వరాన్ని దాచుకుని ఇంట్లో పడుకున్న ఒకాయన్ను భార్య చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆయన వేలు వెచ్చగానే ఉంది. ఎన్నిసార్లు పెట్టినా అంకె పైకి రాలేదు. నవ్వులు ఆగిపోయాయి.

కారు అద్దాలు దించి, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాం. ధైర్యం చెప్పాల్సింది నేను. కానీ కంగారుగా తోలుతూ దారిలో ఒక్క గుంత కూడా వదల్లేదు. ఆయనే ఆయాసపడుతూ ముందుకు వంగి అన్నాడు:

"నిదానంగా పో సార్... నాకేమీ కాదులే."

ఆయనకేమీ కాలేదు. ఆక్సిజన్ పెట్టారు, కోలుకుని తన కాళ్ళ మీద నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. నేను మాత్రం ఆ కుదుపులకు నడుము పట్టేసి, మరుసటి రోజంతా బోర్లా పడుకున్నాను.