బారాత్ గుర్రం ఎక్కిన రోజు

నలభై దాటాక గుర్రం కొనాలని బుద్ధి పుట్టడం నా ఒక్కడికే చెల్లింది. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. జనగామలో మాకు పత్తి విత్తనాల దుకాణం ఉండేది. బయట రోజుకో ర్యాలీ. అందరూ నడిచే చోట నేను గుర్రం మీద కనపడాలి, పేపర్లో జిల్లా పేజీలో ఫోటో పడాలి. రాష్ట్రం మీద నాకు పట్టింపు లేదనను, ఉంది. గుర్రం మాత్రం అచ్చంగా నా గొప్ప కోసమే.

లింగాల ఘనపూర్ దారిలో ఒక ముసలాయన ఉండేవాడు. ఒకప్పుడు టాంగా తోలాడు, తర్వాత పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పెట్టాడు. అందరం చాచా అనేవాళ్లం. ఆయన కళ్లెం పట్టుకుంటే ఒక్క పెళ్లికొడుకూ కింద పడలేదని చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో పేరు. ఆ పేరు మీదే ఆయన బతుకు. దాన్ని చెడగొట్టింది నేను.

గుర్రం కావాలనగానే ఆయన ఒక ఎర్రదాన్ని పట్టుకొచ్చాడు. పొట్టిది, కడుపు కాస్త కిందికి జారింది, పన్నెండేళ్లుంటాయి.

"కొత్తోనికి గిదే మంచిది సేట్. ఎండు సొప్ప ఏసినా తింటది, బీమారు పడది. ఎత్తు తక్కువ, పడ్డా నీ నడుం ఇరగది. జర గిట్ల సూడు," అని దాని వెనక నిలబడి రేకు డబ్బా దనదనా కొట్టాడు. అది ఒక చెవి కదిపి మేస్తూనే ఉంది. నాలుగు గిట్టలూ ఒక్కొక్కటిగా ఎత్తి చూపించాడు. నేను చూసినట్టు నటించాను. నా కళ్లన్నీ పక్కన కట్టేసిన తెల్ల గుర్రం మీదే.

అది కనిపెట్టిన చాచా, "గది బారాత్ గుర్రం. డప్పు ఇంటే ఆడుతది. కళ్లెం గుంజితే ముందటి కాళ్లు లేపుతది, గట్లనే నేర్పిన. నీకొద్దు. ఏడాది దీన్ని ఎక్కు, అటెన్క అడుగు," అన్నాడు.

"గిది గాడిద లెక్కున్నది చాచా. నలుగురు నవ్వుతరు," అన్నాను.

మన భాషను, మన మనుషులను చిన్నచూపు చూస్తున్నారని మైకు పట్టుకొని గొంతు చించుకునేవాణ్ణి. మా ఎండకు, మా సొప్పకు పెరిగిన గుర్రాన్ని గాడిద అన్నదీ ఆ గొంతే. మూడు రోజులు ఆయన ఇంటి చుట్టూ తిరిగాను. ఇవ్వనంటే మా వాళ్ల పెళ్లిళ్లకు ఇక నిన్ను పిలిచేది లేదని బెదిరించాను కూడా. అప్పుడు ఆ తెల్లదాన్ని అమ్మాడు. డప్పుల కాడికి మాత్రం తీస్కపోకు అని రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చాడు.

డప్పులు లేని ర్యాలీ ఎక్కడుంది? వారం తిరక్కుండానే వంటావార్పు వచ్చింది. పెద్ద రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకొని తిని, బండ్లు కదలకుండా చేసే నిరసన అది. పొద్దున పదింటికి తలపాగా చుట్టుకొని బయల్దేరాను. డప్పు మొదలైంది. గుర్రం నేర్చుకున్న పనే చేసింది, అడుగులు వేసింది. జనం ఈలలు వేశారు. పడిపోతానని కళ్లెం గుంజాను. అది ముందరి కాళ్లు లేపింది. నేను ఇంకా గుంజాను. దిగిన కాళ్లు ఉడుకుతున్న అన్నం గుండిగకు తగిలాయి. పొయ్యి దగ్గర కూర్చున్న అవ్వ పాదాల మీద మరిగే గంజి ఒలికింది. ఆమె అరుపుకు డప్పులు ఆగిపోయాయి.

ఆమెను ఆటోలో దవాఖానకు పంపించాక అందరూ నన్ను చుట్టుముట్టారు. "గీ గుర్రం ఎవలిచ్చిన్రే నీకు?"

"చాచా ఇచ్చిండు. సాధుది, చిన్న పోరలు ఎక్కినా ఏం గాదన్నడు," అన్నాను. తడుముకోకుండా అన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మరునాడు చాచా మా దుకాణానికి వచ్చాడు. విత్తనాల కోసం వచ్చిన బచ్చన్నపేట రైతులు నలుగురైదుగురు ఉన్నారు. "ఏంది చాచా, కొత్తోడని పాడు గుర్రాన్ని అంటగడ్తవా?" అని అందులో ఒకాయన నిలదీశాడు. చాచా నా వంక చూశాడు. నేను విత్తనాల ప్యాకెట్లు సర్దుతున్నాను, సర్ది ఉన్నవాటినే.

"తప్పు నాదే. కొత్తోనికి ఇయ్యద్దుండె, ఇచ్చిన," అన్నాడాయన. నేనిచ్చిన డబ్బు బల్ల మీద పెట్టి, వెనక దొడ్లో ఉన్న గుర్రాన్ని విప్పుకొని వెళ్లిపోయాడు.

ఆ ఏడాది పెళ్లిళ్లకు ఆయన్ను ఎవరూ పిలవలేదు. గుర్రాలు అమ్మేసి మహబూబాబాద్‌లో కూతురి దగ్గరికి పోయాడని విన్నాను. కొన్నాళ్లకు చనిపోయాడనీ విన్నాను.

రాష్ట్రం వచ్చింది. సంబరాల్లో నాకూ శాలువా కప్పారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే అరటిపండ్లు కొనుక్కొని అవ్వ ఇంటికి వెళ్లాను. నిజం చెప్పాలనే వెళ్లాను. ఆమె పాదాల మీద చర్మం ముడుచుకుపోయి ఉంది.

"ఆ గుర్రపాయన నెల దినాలు తన బండిల దవాఖానకు తోల్కపోయి కట్లు కట్టించిండు బిడ్డా," అంది. "తొవ్వ పొడుగునా తిట్టేదాన్ని. కొత్తోన్ని మోసం జేస్తివి, నా కాళ్లు కాలిస్తివి అని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. ఒక్కనాడు మారు మాట్లాడలే. దొంగోడు గదా, ఏం మాట్లాడ్తడు?"

"అవ్ అవ్వా," అన్నాను. పండ్ల సంచి ఆమె పక్కన పెట్టి, దుకాణం తెరిచే వేళైందని లేచి వచ్చేశాను.